పత్తి విత్తన పరీక్షలో డి.ఎన్‌.ఏ. శుద్ధి

వ్యవసాయాధికారి, బోథ్‌, ఆదిలాబాదు జిల్లా

విత్తనము కొద్దీ పంట అని పెద్దలు ఊరక చెప్పలేదు. బోథ్‌, ఇచ్చోడ, బజార్‌హత్నూర్‌, నేరడిగొండ ప్రాంతములలోని నల్లరేగడి నేలలలో వర్షాధారముగా పత్తి పండించు రైతునకు ఈ మాట ఇంకను ఎక్కువగా వర్తించును. మిరుగు వానలు పడినంతనే విత్తనము వేయవలెను. ఆ అదను దాటిన పిమ్మట విత్తనము మంచిది కాదని తెలిసినను ఆ యేటికి చేయదగినది చాల తక్కువ. దుక్కి, ఎరువు, కూలి, అప్పు మీది వడ్డీ అన్నియు ఆ విత్తనముతోనే పోవును.

ఇతర పంటలలో రైతు తన అనుభవముచే గింజ రంగు, బరువు, నిగ్గు చూచి మంచిచెడ్డలు కొంతవరకు పోల్చుకొనగలడు. పత్తి సంకర విత్తనము అట్లు కాదు. నూగు తీసి, మందు పట్టించి, రంగు వేసి ప్యాకెట్టులో నింపిన గింజలన్నియు ఒకే విధముగా కనుపించును. అది ప్యాకెట్టుపై వ్రాసిన సంకరమేనా, అందు బి.టి. జన్యువు ఉన్నదా, అనుమతి లేని గడ్డిమందు జన్యువు కలిసినదా అను సంగతి కంటితో చూచి చెప్పుట ఎవరి తరమును కాదు. అనుమానము వచ్చినపుడు గింజనో, మొక్క ఆకునో ప్రయోగశాలకు పంపవలసినదే.

ప్రయోగశాలలో జరుగు మొదటి పని, ఆ గింజలోని లేక ఆకులోని డి.ఎన్‌.ఏ. అను న్యూక్లియిక్‌ ఆమ్లమును తక్కిన పదార్థముల నుండి వేరుచేసి శుద్ధి చేయుట. ఈ పని సరిగా జరిగిననే పరీక్షా ఫలితమునకు విలువ కలదు. శుద్ధి చెడినచో మంచి విత్తనమును చెడ్డదనియు, చెడ్డ విత్తనమును మంచిదనియు పొరబడు ప్రమాదము కలదు. ఈ శుద్ధికి కావలసిన జాగ్రత్త ప్రయోగశాలలో గాక, చేనులో నమూనా తీయు చేతిలోనే ప్రారంభమగును. కనుక రైతులును, గ్రామాలలోని వ్యవసాయ విస్తరణాధికారులు, పంచాయతీ కార్యదర్శులు మొదలగువారును ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట మంచిది.

గింజలో దాగియున్న వ్రాత

ప్రతి మొక్కయు కంటికి కనబడని జీవకణములతో కట్టబడినది. కణము నడుమ కేంద్రకము, అందులో సన్నని పోగుల వలె డి.ఎన్‌.ఏ. ఉండును. ఆకు ఆకారము, పూవు రంగు, దూది పొడవు మొదలగు గుణములన్నియు ఆ పోగులలో నాలుగే నాలుగు అక్షరములతో వ్రాసియున్నవి. మనము సాగుచేయు అమెరికన్‌ పత్తి కణములో 52 క్రోమోసోములు కలవు. ఒక్కొక్క తరపు వ్రాతయే రెండువందల కోట్ల అక్షరములకు పైబడి యుండును. అందులో బి.టి. జన్యువు కొన్ని వేల అక్షరములు మాత్రమే. పెద్ద గ్రంథములో నాలుగు పంక్తులు వెదకుట ఎట్టిదో ఈ పరీక్ష అట్టిది.

న్యూక్లియిక్‌ ఆమ్లమును మొదట వేరుచేసినవాడు ఫ్రెడరిక్‌ మీషర్‌ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు. 1869లో ఆయన జర్మనీలోని ట్యూబింగెన్‌ నగరమున, ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని కణములను కడిగి, పంది జీర్ణాశయము నుండి తీసిన రసముతో వాటి మాంసకృత్తులను కరిగించి, మిగిలిన పదార్థమునకు న్యూక్లిన్‌ అని పేరు పెట్టెను. దానికి వంశలక్షణములతో సంబంధము కలదని 1944లో అమెరికాలో ఏవరీ, ఆయన సహచరులు ఋజువు చేసిరి. 1953లో వాట్సన్‌, క్రిక్‌ అనువారు దాని నిర్మాణమును వివరించిరి. మన హైదరాబాదులో 1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున డాక్టరు లాల్జీ సింగ్‌ మనుష్యుల డి.ఎన్‌.ఏ. గుర్తులతో వ్యక్తులను పోల్చు పద్ధతిని మన దేశములో నెలకొల్పిరి. ఆ విద్యయే నేడు విత్తనములను పోల్చుటకును ఉపయోగపడుచున్నది. హైదరాబాదు మలక్‌పేటలోని వ్యవసాయశాఖ డి.ఎన్‌.ఏ. ప్రయోగశాలలో ఇట్టి పరీక్షలు చేయుదురు.

పత్తిలో శుద్ధి ఏల కష్టము?

పత్తి ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నని నల్లని చుక్కలు కనుపించును. గింజను చీల్చినచో లోపలి పప్పులోను అవే చుక్కలు కనుపించును. ఇవి గోసిపాల్‌ మొదలగు పదార్థములు నిండిన తిత్తులు. పత్తి చెక్కను కోళ్లకు, లేత దూడలకు ఎక్కువగా పెట్టరాదని చెప్పుటకు కారణము ఈ గోసిపాలే. పురుగుల నుండి తనను కాపాడుకొనుటకు మొక్క వీటిని తయారు చేసికొనును. ఇవిగాక వగరు నిచ్చు పదార్థములు, జిగురు పదార్థములు కూడ పత్తి ఆకులో మెండుగా కలవు.

ఆకు నలిగినంతనే ఈ వగరు పదార్థములు గాలి తగిలి గోధుమ రంగుకు మారును. కోసిన వంకాయ ముక్క నల్లబడుట వంటిదే ఇది. అట్లు మారినవి డి.ఎన్‌.ఏ.ను గట్టిగా పట్టుకొని విడువవు. అరటి దవ్వ కర బట్టకు పట్టిన తరువాత ఎంత ఉతికినను పోనట్లే వీటిని తరువాత కడిగి తీయుట దుస్సాధ్యము. జిగురు పదార్థములు డి.ఎన్‌.ఏ.తో కలిసి బంక వలె సాగును. వరి, మొక్కజొన్న లేతాకులలో ఈ చిక్కు ఇంత లేదు. అందుచే పత్తి కొరకు శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన పద్ధతులు రూపొందించవలసి వచ్చినది.

శుద్ధి చేయు క్రమము

1. నూరుట: సుమారు 100 మిల్లీగ్రాముల లేతాకును, అనగా చిటికెడంత, ద్రవ నైట్రోజనులో గడ్డకట్టించి మెత్తని పొడి చేయుదురు. అంత చలిలో ఆకు గాజు వలె పెళుసై పొడియగును; వగరు పదార్థములు పని చేయుటకు వీలుండదు. గింజ అయినచో పై మందును కడిగి, తోలు తీసి, లోపలి పప్పునే వాడవలెను. గింజ పైతోలు తల్లి చెట్టుకు చెందినది. పప్పులోని మొలకయే తల్లిదండ్రుల కలయిక వలన పుట్టినది. తోలును పరీక్షించినచో తల్లి సంగతి తెలియును గాని బిడ్డ సంగతి తెలియదు.

2. కణములను పగులగొట్టుట: ఈ పొడిని సి.టి.ఏ.బి. అను సబ్బు వంటి పదార్థము, ఉప్పు కలిపిన ద్రావణములో వేసి 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అరగంట నుండి గంట వరకు ఉంచెదరు. సబ్బు జిడ్డును విడదీయునట్లే ఇది కణముల పొరలను విడదీయును. ఇందులోని ఉప్పు లీటరుకు సుమారు 82 గ్రాములు. సముద్రపు నీటిలోని ఉప్పునకు ఇది రెండింతలకు పైమాటే. ఇంత ఉప్పు ఉండుటచే జిగురు పదార్థములు డి.ఎన్‌.ఏ.తో కలిసి రాక విడిపోవును. వగరును పట్టివేయుటకు పి.వి.పి. అను పదార్థమును, రంగు మారకుండ మెర్కాప్టోఇథనాల్‌ అను ఘాటైన ద్రవమును పత్తి విషయములో తప్పక కలుపుదురు.

3. మాంసకృత్తులను తొలగించుట: చల్లార్చిన పిమ్మట క్లోరోఫారము 24 పాళ్లు, ఐసోఎమైల్‌ ఆల్కహాలు 1 పాలు కలిపిన ద్రవమును అంతే పరిమాణములో పోసి, నెమ్మదిగా తలక్రిందులు చేసి కలుపుదురు. తరువాత సెంట్రిఫ్యూజ్‌ అను యంత్రములో నిమిషమునకు 10,000 చుట్లకు పైగా గిర్రున త్రిప్పెదరు. కవ్వముతో చిలికిన మజ్జిగలో వెన్న వేరైనట్లు ఇచట మూడు పొరలు ఏర్పడును. అడుగున క్లోరోఫారము, అందులో కరిగిన పసరు. నడుమ తెల్లని తెట్టుగా మాంసకృత్తులు. పైన తేటనీటిలో డి.ఎన్‌.ఏ. నిలుచును. నడుమ తెట్టు తగలకుండ పై తేటను మాత్రమే తీయవలెను. ఆశపడి చివరి చుక్క వరకు తీసినచో మలినము కూడ వచ్చును.

4. పోగులుగా తేల్చుట: ఆ తేటకు చల్లని ఐసోప్రొపనాల్‌ కలిపినంతనే నీటిలో కరిగియున్న డి.ఎన్‌.ఏ. కరగలేక తెల్లని పోగులుగా పైకి తేలును. పోగు తెల్లగా ఉన్న మంచి గుర్తు. గోధుమ రంగుగా, బంకగా ఉన్నచో వగరు, జిగురు మిగిలియున్నవని తెలిసికొనవలెను.

5. కడుగుట: నూటికి 70 పాళ్ల ఆల్కహాలుతో కడిగి, మిగిలిన ఉప్పును తీసివేసి, ఆరబెట్టి, కొద్దిపాటి ద్రావణములో కరిగించెదరు. దీనితోపాటు వచ్చు ఆర్‌.ఎన్‌.ఏ. అను రెండవ న్యూక్లియిక్‌ ఆమ్లమును ఒక ఎంజైముతో ముక్కలు చేసి తొలగించెదరు.

శుద్ధి అయినదీ లేనిదీ ఎట్లు తెలియును?

పాలలో నీళ్లు కలిసినదీ లేనిదీ లాక్టోమీటరుతో చూచినట్లు, డి.ఎన్‌.ఏ. శుద్ధిని కాంతితో కొలుచు పరికరముతో చూచెదరు. 260 నానోమీటర్ల కాంతిని డి.ఎన్‌.ఏ. ఎక్కువగా పీల్చుకొనును, 280 వద్ద మాంసకృత్తులు పీల్చుకొనును. మొదటి అంకెను రెండవదానితో భాగించగా సుమారు 1.8 వచ్చినచో మాంసకృత్తులు పోయినట్లు లెక్క. 260 అంకెను 230 వద్ది అంకెతో భాగించగా 2కు దగ్గరగా వచ్చినచో జిగురు, ఉప్పు, వగరు పోయినట్లు లెక్క. పత్తిలో ఈ రెండవ లెక్కయే ఎక్కువగా తప్పుచుండును. తరువాత అగరోజ్‌ అను జెల్లీలో విద్యుత్తును ప్రసరింపజేసి చూచెదరు. డి.ఎన్‌.ఏ. చెక్కుచెదరనిదైనచో ఒకే గట్టి గీతగా నిలుచును. కుళ్లిన ఆకు నుండి వచ్చినదైనచో చిన్న చిన్న ముక్కలై క్రిందికి పాముకొనిపోయిన మరక వలె కనుపించును.

"లేదు" అనుట వేరు, "కనిపించలేదు" అనుట వేరు

ఇక అసలు పరీక్ష. శుద్ధియైన డి.ఎన్‌.ఏ.లో వెదకవలసిన జన్యు భాగమును మాత్రము ఒక ఎంజైము సహాయముతో మరల మరల నకలు తీయుదురు. దీనిని పి.సి.ఆర్‌. అందురు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది చొప్పున 30 పర్యాయములు రెట్టించినచో ఒక్క ముక్కకు నూరు కోట్లకు పైగా నకళ్లు తయారగును. అపుడు అది జెల్లీలో గీతగా కంటికి కనుపించును.

ఇందు రెండు ప్రమాదములు కలవు. మొదటిది, డి.ఎన్‌.ఏ.లో వగరు, జిగురు మిగిలియున్నచో ఆ ఎంజైము పని చేయదు. బి.టి. జన్యువు గింజలో ఉండియు గీత రాదు. దానిని చూచి "జన్యువు లేదు" అని వ్రాసినచో మంచి విత్తనము నకిలీయగును. నిర్దోషియైన వ్యాపారి శిక్షకు పాత్రుడగును. అనుమతి లేని గడ్డిమందు జన్యువు విషయములో ఇదే తప్పు జరిగినచో, ఉన్న జన్యువు లేదని తేలి, దొంగ విత్తనము అమ్మినవాడు తప్పించుకొనును. రెండవ ప్రమాదము ఇందుకు విరుద్ధమైనది. ఒక్క ముక్క నూరు కోట్లగును గదా! కావున ప్రక్క చెట్టు ఆకు తునక, చేతికి అంటిన పసరు కలిసినను లేని జన్యువు ఉన్నట్లు కనుపించవచ్చును.

ఈ రెండింటిని కనిపెట్టుటకు ప్రయోగశాలలో ప్రతి పరీక్షతోపాటు సాక్షుల వంటి పరీక్షలు కూడ పెట్టుదురు. బి.టి. అని నిశ్చయముగా తెలిసిన పత్తి ఒకటి, బి.టి. కాదని తెలిసినది ఒకటి, డి.ఎన్‌.ఏ. ఏదియు వేయని వట్టి నీరు ఒకటి. వట్టి నీటిలో గీత వచ్చినచో మలినము కలిసినదని అర్థము. వీటన్నింటికంటె ముఖ్యమైనది, ప్రతి పత్తి మొక్కలోను సహజముగా ఉండు జన్యువు నొకదానిని అదే నమూనాలో వెదకుట. అది కనుపించి, బి.టి. జన్యువు కనుపించనిచో "లేదు" అని ధైర్యముగా చెప్పవచ్చును. పత్తి జన్యువే కనుపించనిచో శుద్ధి చెడినదన్నమాట. అపుడు ఆ ఫలితము చెల్లదు, మరల చేయవలసినదే. తీర్పు వ్రాయువారును, తీర్పు పొందువారును ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

ఏ పరీక్ష దేనికి?

మన దేశములో బి.టి. పత్తికి 2002 మార్చిలో అనుమతి లభించినది. రెండు జన్యువులు గల రకమునకు 2006లో అనుమతి వచ్చినది. ఈ జన్యువులు తయారుచేయు మాంసకృత్తు ఉన్నదా లేదా అని చూచుటకు ఆకు పసరులో ముంచు పట్టీలు కలవు. వీటికి డి.ఎన్‌.ఏ. శుద్ధి అక్కరలేదు, కొద్ది నిమిషములలో చేనుగట్టునే చూడవచ్చును. అయితే ఏ సంకరము అను సంగతి పట్టీ చెప్పదు. అందుకు డి.ఎన్‌.ఏ.యే శరణ్యము. నిజమైన సంకరములో తల్లి గీత, తండ్రి గీత రెండును కనుపించును. తల్లి పూవు తన పుప్పొడితోనే ఫలించిన గింజ అయినచో తల్లి గీత ఒక్కటే కనుపించును. గద్వాల ప్రాంతములో ఒక్కొక్క మొగ్గలోని కేసరములను చేతితో తీసి సంకర విత్తనము తయారుచేయుదురు. అందు తీయక వదలిన మొగ్గలెన్నియో ఈ పరీక్షలో బయటపడును. చేనులో పెంచి చూచు పరీక్షకు ఒక పంట కాలము పట్టును, డి.ఎన్‌.ఏ. పరీక్షకు కొన్ని దినములు చాలును.

మరియొక సంగతి. నేటి బి.టి. ప్యాకెట్లలో పురుగు నిరోధకశక్తి పెంచుకొనకుండుటకై నూటికి కనీసము 5 బి.టి. కాని గింజలు కలిపియే నింపుచున్నారు. కనుక ఒకటి రెండు గింజలలో జన్యువు లేనంతమాత్రమున విత్తనము నకిలీ కాదు. అనేక గింజలను విడివిడిగా పరీక్షించి లెక్క కట్టవలెను.

నమూనా తీయుటలో జాగ్రత్తలు

బోథ్‌ నుండి హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము. దారిలో ఆకు కుళ్లినచో ఎంత మంచి ప్రయోగశాల అయినను ఏమియు చేయలేదు. కావున ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను.

1. చెట్టు కొనన ఉన్న, ఇంకను పూర్తిగా విప్పుకొనని లేతాకులనే కోయవలెను. ముదురాకులలో వగరు, జిగురు ఎక్కువ.

2. తెగులు, పేనుబంక, దుమ్ము ఉన్న ఆకులు పనికిరావు. మందు కొట్టిన వెంటనే కోయరాదు.

3. ఒక్కొక్క చెట్టు ఆకును ఒక్కొక్క కాగితపు కవరులో వేరుగా ఉంచవలెను. ఒక చెట్టు నుండి మరొక చెట్టునకు పోవునపుడు చేతులు కడిగికొని తుడుచుకొనవలెను.

4. తడి ఆకును పాలిథీన్‌ సంచిలో మూసి ఎండలో ఉంచరాదు. మంచుగడ్డలు గల పెట్టెలో పెట్టి అదే దినమున పంపుట శ్రేష్ఠము. వీలుకానిచో తేమను పీల్చు సిలికా జెల్‌ గింజలలో ఉంచి త్వరగా ఎండబెట్టవలెను.

5. కవరుపై గ్రామము, సర్వే నంబరు, రకము, లాటు నంబరు, చెట్టు వరుస, తేదీ పెన్సిలుతో వ్రాయవలెను. సిరా తడికి చెరిగిపోవును.

6. చేను నలుమూలల నుండియు నడిమి నుండియు నమూనాలు తీయవలెను. చెడిన చెట్లనే ఏరుట, మంచి చెట్లనే ఏరుట రెండును తప్పే.

7. విత్తనము వేయునపుడు ప్రతి లాటు నుండి గుప్పెడు గింజలను అదే ప్యాకెట్టులో, రశీదుతోపాటు, పొడి చోట పంట చేతికి వచ్చువరకు దాచవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1966 విత్తన చట్టము ప్రకారము ఇన్‌స్పెక్టరు తీసిన నమూనాను మూడు భాగములు చేసి ముద్ర వేయవలెను. ఒకటి ఎవరి వద్ద తీసిరో వారికి, ఒకటి విత్తన విశ్లేషకునికి ఈయవలెను. మూడవది కోర్టు కొరకు ఇన్‌స్పెక్టరు వద్ద ఉండవలెను. విశ్లేషకుని నివేదికపై వివాదము వచ్చినచో ఆ మూడవ భాగము కేంద్ర విత్తన ప్రయోగశాలకు పోవును. 1968 విత్తన నియమములలోని 23-ఏ ప్రకారము, విత్తనము చెడి పంట పోయినదని రైతు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసినచో, ఇన్‌స్పెక్టరు ప్యాకెట్టు, లేబుళ్లు, మిగిలిన గింజలు స్వాధీనము చేసికొని కారణమును విచారించవలెను. నోటిమాట చాలదు, ఫిర్యాదు కాగితముపై ఉండవలెను. వ్రాయుట రానివారికి పంచాయతీ కార్యదర్శులు సహాయపడవలెను.

గింజ మిగలనిచో రైతు గతి ఏమి? జాతీయ విత్తన సంస్థకును తెలుగు రైతులకును నడిచిన వ్యాజ్యములో 2012లో సుప్రీంకోర్టు, రైతు తాను కొన్న విత్తనమును విత్తుకొనునే గాని పరీక్ష కొరకు దాచియుంచునని ఆశించరాదని చెప్పినది. అట్టి రైతులు వినియోగదారుల న్యాయస్థానములకు పోవచ్చునని కూడ నిర్ణయించినది. అదియుగాక, గింజ మట్టిలో కలిసినను దాని వ్రాత చెట్టులో ఉండనే ఉన్నది. చేనులో నిలిచిన చెట్టు ఆకే సాక్ష్యము. అందుచే అనుమానము కలిగిన రైతు పత్తిని దున్నివేయక, ముందుగా రైతు వేదికకు వచ్చి తెలియజేయవలెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

న్యూక్లియిక్‌ ఆమ్లమును కంటితో చూడగోరువారు సగము పండిన అరటిపండును మెదిపి, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోము ద్రవపు సబ్బు, కొంచెము నీరు కలిపి, నురుగు రాకుండ పది నిమిషములు త్రిప్పి గుడ్డలో వడకట్టవలెను. వడిసిన తేటను గాజు గ్లాసులో తీసి, బాగుగా చల్లార్చిన సర్జికల్‌ స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోయవలెను. కొద్దిసేపటికి రెండింటి నడుమ తెల్లని పోగులు తేలును. అందు డి.ఎన్‌.ఏ. కలదు; అయితే జిగురు, మాంసకృత్తులు కూడ కలవు. ఇది వడకట్టని వెన్న వంటిది, పరీక్షకు పనికిరాదు. స్పిరిట్‌ను నిప్పునకు దూరముగా ఉంచవలెను.

ఈ పరీక్ష చెప్పలేనివి

మొలకశాతము ఎంత అని డి.ఎన్‌.ఏ. చెప్పదు, అందుకు మొలకెత్తించి చూడవలసినదే. గులాబీరంగు పురుగు పడినంతనే విత్తనము నకిలీదని తలచరాదు. బి.టి. జన్యువులు రెండింటిని తట్టుకొను శక్తి ఆ పురుగు ఇప్పటికే సంపాదించినది. అట్టి చేనులో జన్యువు ఉన్నదనియే ఫలితము వచ్చును. లింగాకర్షక బుట్టలు, గుడ్డిపూల ఏరివేత, పంటకాలమును పొడిగించకుండుట వంటి పనులే అందులకు మందు. గడ్డిమందును తట్టుకొను పత్తికి మన దేశములో వాణిజ్య సాగునకు అనుమతి ఈయబడలేదు. రశీదు లేకుండ చేతులు మారు అట్టి విత్తనము చెడినచో అడుగుటకు రైతునకు ఆధారము ఉండదు.

కావున రైతు సోదరులారా! అనుమతి గల దుకాణములోనే విత్తనము కొని, రశీదును, ప్యాకెట్టును, గుప్పెడు గింజలను భద్రపరచుడు. అనుమానము వచ్చినపుడు ఆలస్యము చేయక, శుభ్రమైన చేతితో శుభ్రమైన నమూనా ఇండు. ప్రయోగశాల నిజము చెప్పుటకు మీరు పంపిన ఆకు కూడ నిజముగా ఉండవలెను.